‘అక్కడ మెక్సికన్లు ఎక్కువ, వద్దు’ అంటున్నారు, ఏం చేయాలి?

డాలస్ వచ్చి ఇంకా నెల కాని ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, అపార్ట్‌మెంట్ నచ్చింది, రెంట్ కూడా తక్కువే. రూమ్మేట్లేమో అక్కడ మెక్సికన్లు ఎక్కువ, సేఫ్ కాదంటున్నారు. తీసుకోమంటారా?"

తీసుకో. ఇర్వింగ్‌లో మొదటి నాలుగేళ్లు నేనున్నది అలాంటి చోటే. అర్ధరాత్రి కారు బ్యాటరీ పోతే కేబుల్స్ పట్టుకుని వచ్చింది కింది ఇంటాయన. ఆయనది మెక్సికో కాదు, ఎల్ సాల్వడార్. భయంగా ఉంటే పోలీసులు పెట్టే క్రైమ్ మ్యాప్ చూడు, రాత్రిపూట ఒకసారి వెళ్లి చూసి రా. పొరుగువాళ్ల రంగు చూసి మాత్రం నిర్ణయించుకోకు. జాతిని చూపి ఇళ్ల ఏజెంట్ నిన్ను ఒక ఏరియా నుంచి తప్పించడం 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం చట్టవిరుద్ధమే. అదే మాట మనవాళ్ల నోట వస్తే సలహా అనుకుంటున్నాం. నాకు బాధ కలిగించేది అదే.

ఈ టెక్సాస్‌లోనే జాక్సన్ కౌంటీలో 25 ఏళ్లపాటు మెక్సికన్ పేరున్న ఒక్కరూ జ్యూరీలో కూర్చోలేదు. అక్కడి కోర్టు భవనంలో మగవాళ్లకు రెండు టాయిలెట్లు. ఒకదానికి ఏ బోర్డూ లేదు. రెండోదాని మీద నల్లవాళ్లకని ఇంగ్లీషులో, కింద ‘మగవాళ్లు ఇక్కడ’ అని స్పానిష్‌లో రాసి ఉండేది. 1954లో హెర్నాండెజ్ కేసు తీర్పులో అమెరికా సుప్రీంకోర్టే ఇది రాసింది.

పాత సంగతి అనుకోకు. 2018లో మోంటానాలోని హావర్‌లో ఇద్దరు ఆడవాళ్లు గ్యాస్ స్టేషన్‌లో స్పానిష్‌లో మాట్లాడుకుంటుంటే సరిహద్దు కాపలా (బోర్డర్ పట్రోల్) ఏజెంట్ ఆపి ఐడీ అడిగాడు. ఇద్దరూ అమెరికా పౌరులే. మనం షాపులో తెలుగులో మాట్లాడుకోమా?

2022లో ప్లేనోలో మన ఆడవాళ్లను తిట్టి కొట్టినావిడ మెక్సికన్ అమెరికనే కదా అంటారు. నిజమే, ఆమెను అరెస్టు కూడా చేశారు. ఆమె తప్పుకు నా కింది ఇంటాయన ఎందుకు జవాబు చెప్పాలి? 2017లో కాన్సస్‌లో మన ఇంజినీర్‌ని కాల్చినవాడు మెక్సికన్ కాదు, అతను అరిచింది ‘మా దేశం నుంచి పో’ అనే.

ఒకసారి షాపులో నా ముందున్న, స్పానిష్ మాట్లాడే పెద్దాయన కార్డు ఇస్తే ఐడీ చూపించమన్నారు, నన్ను అడగలేదు. నేను నోరు మెదపలేదు. ఆయన చేతులు వణకడం ఇప్పటికీ కళ్లముందే ఉంది. నీకు అలాంటిది ఎదురైతే పక్కనే నిలబడు. "నన్నెందుకు అడగలేదు?" అని మర్యాదగా అడుగు. సాక్షి కావాలంటే ఫోన్ నంబర్ ఇవ్వు. పోలీసులుంటే మాత్రం అడ్డం వెళ్లకు, దూరం నుంచి చూసి గుర్తుపెట్టుకో.

లీజ్ సైన్ చేశాక, సామాను దించే రోజే పక్కింటి తలుపు తట్టి నీ పేరు చెప్పు. వాళ్ల పేరు అడిగి, సరిగ్గా పలకడం నేర్చుకో.