వరిబీజమేనా, క్యాన్సరా?

ప్రశ్న: మాది టెక్కలి. మా తమ్ముడికి 24 ఏళ్లు. రెండు నెలలుగా కుడి వృషణం గట్టిగా, బరువుగా ఉంది. నొప్పి లేదు. ఊళ్లో అంతా వరిబీజమే అంటున్నారు. భయపడాలా?

జవాబు: నొప్పి లేదని ఊరుకోకండమ్మా. వృషణ క్యాన్సర్ గడ్డ తరచూ నొప్పి లేకుండానే పెరుగుతుంది, 15-40 ఏళ్ల వయసులోనే ఎక్కువ. వరిబీజంలో ఉండేది నీరు. చీకట్లో టార్చి ఆనిస్తే వెలుగు ఎర్రగా ఇవతలికి కనిపిస్తుంది, గడ్డలోంచి రాదు. అయితే గడ్డ చుట్టూ కూడా నీరు చేరవచ్చు, టార్చిని నమ్ముకుని ఆగిపోవద్దు.

ఈ వారంలోనే యూరాలజిస్టుకు చూపించి వృషణాల అల్ట్రాసౌండ్, రక్తంలో క్యాన్సర్ జాడ తెలిపే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ పరీక్షలు చేయించండి. నీరు తీస్తామనో, ముక్క తీస్తామనో వృషణ సంచిలో సూది మాత్రం గుచ్చనివ్వకండి. క్యాన్సరైతే ఆ దారిన కణాలు పాకే ప్రమాదముంది. అందుకే ఆపరేషన్ కూడా గజ్జలో కోసి, వృషణాన్ని మొత్తంగా తీస్తారు. తర్వాత సీటీ స్కాన్‌ను బట్టి కొందరికి పరిశీలన చాలు, కొందరికి 21 రోజులకోసారి చొప్పున కీమో ఇస్తారు. పెళ్లి కావలసిన కుర్రాడు కదా, చికిత్సకు ముందే వీర్యం భద్రపరచడం గురించి అడగండి. రెండో వృషణం బాగుంటే సంసారానికి ఇబ్బంది సాధారణంగా ఉండదు. తొలిదశలో పట్టుకుంటే దాదాపు అందరికీ నయమవుతుంది. విశాఖలో అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు అందుబాటులోనే ఉంది.