ఆపిల్ పీపా దగ్గర ఆపెయ్, అమ్మడూ

తెనాలి,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్లో నువ్వు అడిగినదానికి అప్పటికప్పుడు జవాబు చెప్పలేకపోయాను. "వీడు తొమ్మిదో క్లాసుకొచ్చాడు మామయ్యా, స్కూలు పుస్తకం తప్ప ఇంకోటి ముట్టడు, సెలవొస్తే పొద్దస్తమానం ఫోనే. కాస్త ఇన్‌స్పైరింగ్‌గా ఉండేది ఏదైనా చెప్పు" అన్నావు. నీ గొంతులో టెన్షన్ నాకు తెలిసింది. రెండు పేర్లు చెప్పేసి ఊరుకోవడం ఇష్టం లేక కూర్చుని రాస్తున్నాను. ముప్పై ఒక్కేళ్లు శాఖా గ్రంథాలయంలో పిల్లల చేతికి పుస్తకాలు అందించినవాణ్ణి. ఏది ఇస్తే మళ్లీ పరిగెత్తుకొచ్చారో, ఏది ఇస్తే రావడమే మానేశారో నాకు బాగా గుర్తు.

ముందు నేను చేసిన తప్పు చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎనిమిదో తరగతి కుర్రాడొకడు రోజూ సాయంత్రం వచ్చి బొమ్మల పత్రికలు తిరగేసేవాడు. చురుకైనవాడు. వీడు బాగుపడాలి అనుకుని, జీవితంలో పైకి రావడం ఎలాగో బోధించే లావుపాటి పుస్తకం ఒకటి వాడి చేతిలో పెట్టాను. పదిహేను రోజులకి తెచ్చి బల్ల మీద పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మధ్యలో పేజీలు అంటుకున్నవి అంటుకున్నట్టే ఉన్నాయి. ఆ తర్వాత రెండు నెలలు లైబ్రరీ గడప తొక్కలేదు. వాడు కథ కోసం వస్తే నేను నీతి చేతిలో పెట్టి పంపాను. ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అందుకని నా మొదటి మాట ఇదే. స్ఫూర్తినిచ్చే పుస్తకం కోసం వెతక్కు. తర్వాతేమైంది అని వాణ్ణి నిద్ర పోనివ్వని పుస్తకం వెతుకు. ఈ వయసు పిల్లలకి ఎవరైనా బాగుచేయడానికి వస్తున్నారని తెలిస్తే చాలు, తలుపులు మూసేసుకుంటారు. అదే ఒక సాటి కుర్రాడు ఆపదలో ఉన్నాడంటే వెంట నడుస్తారు. ధైర్యం, ఓర్పు, స్నేహం అన్నీ ఆ నడకలో వాళ్లకి వాళ్లే ఏరుకుంటారు.

మన చిన్నోడికి నేను ముందు పెట్టేది 'కాంచన ద్వీపం'. స్టీవెన్సన్ రాసిన 'ట్రెజర్ ఐలాండ్'కి నండూరి రామమోహనరావు గారి తెలుగు. 1881లో స్టీవెన్సన్ కుటుంబం స్కాట్లండ్‌లో సెలవులకి వెళ్తే ఎడతెగని వాన పట్టుకుంది. ఇంట్లో తోచక భార్య కొడుకుతో కూర్చుని రంగులతో ఒక దీవి పటం వేశాడాయన. ఆ పటంలోంచే కథ పుట్టింది. పుస్తకంగా 1883లో వచ్చింది. అంటే ఇది మొదట్నుంచీ ఒక పిల్లవాడి కోసం పుట్టిన కథే.

నువ్వు చేయాల్సింది చెబుతాను, జాగ్రత్తగా విను. పుస్తకం వాడి చేతికివ్వకు. రోజూ రాత్రి భోజనాలయ్యాక నువ్వే చదివి వినిపించు, అరగంట. పద్నాలుగేళ్లవాడికి చదివి వినిపించడమేమిటి అనుకోకు. ముందు మొహం అదోలా పెడతాడు, తర్వాత దగ్గరికి జరుగుతాడు. కథలో జిమ్ అనే కుర్రాడు ఒక రాత్రి ఆపిల్ పండు కోసం ఓడ మీద పీపాలోకి దిగుతాడు. పీపా దాదాపు ఖాళీ. చీకట్లో, అలల ఊపుకి, నిద్ర ముంచుకొస్తుంటుంది. ఇంతలో ఎవడో బరువైన మనిషి వచ్చి ఆ పీపాకే ఆనుకుని కూర్చుంటాడు. ఒంటికాలి సిల్వర్. అప్పటిదాకా జిమ్ ఎంతో ఇష్టపడిన మనిషి. వాడే ఇప్పుడు మిగతా నావికులతో, మంచివాళ్లందర్నీ ఎప్పుడు చంపాలో గొంతు తగ్గించి చెబుతుంటాడు. జిమ్ ఊపిరి బిగబట్టి వింటుంటాడు. అప్పుడు సిల్వర్ పక్కనున్న కుర్రాణ్ణి, నోరు ఎండిపోతోంది, లేచి పీపాలోంచి ఒక ఆపిల్ తీసివ్వమంటాడు.

సరిగ్గా అక్కడ పుస్తకం మూసెయ్. "నిద్రొస్తోంది, రేపు చదువుకుందాం" అని దాన్ని బల్ల మీదే వదిలేసి వెళ్లి పడుకో. లైబ్రరీలో వేసవి సెలవుల కథా కాలక్షేపంలో ఎన్నిసార్లు అలా ఆపానో లెక్కలేదు. మర్నాడు తలుపులు తీసేసరికి ఎవడో ఒకడు మెట్ల మీద కాచుకుని ఉండేవాడు.

వాడికి తెలుగు చదవడం నెమ్మది అన్నావు. ఇంగ్లిష్ మీడియం పిల్లలందరిదీ అదే గొడవ. దానికి నా దగ్గర మంచి మందుంది. దాసరి సుబ్రహ్మణ్యం గారు చందమామలో ఏళ్ల తరబడి సీరియళ్లు రాశారు. 1954లో మొదలైన 'తోకచుక్క' దగ్గర్నుంచి 'రాకాసి లోయ', 'పాతాళ దుర్గం', 'శిథిలాలయం', 'యక్షపర్వతం' వరకూ, మాంత్రికులు, అడవులు, భూగర్భ దారులు, వింత జంతువులు. పత్రికలో ఆయన పేరు ఉండేది కాదు. చిత్ర గారి బొమ్మలు చూస్తే చాలు, మనిషి ఆ గుహలోకి వెళ్లిపోతాడు. వాక్యాలు పొట్టిగా ఉంటాయి, ప్రతి భాగం చివర ఎవరో ఒకరు గోతిలోనో పులి నోటి ముందో ఉంటారు. తడబడుతూ చదివేవాడు కూడా తర్వాత ఏమైందోనని కూడబలుక్కుని చదివేస్తాడు. అవి పుస్తకాలుగా కూడా వచ్చాయి. చందమామ పెట్టినవారిలో ఒకరైన చక్రపాణి గారిది మన తెనాలి పక్కనే ఐతానగరం, ఆ మాట కూడా వాడితో చెప్పు. మన ఊరంటే వాడికి వేసవిలో ఉక్క, మామిడిపళ్లు తప్ప ఏమీ గుర్తుండదు.

ఇక మార్క్ ట్వేన్ రాసినవి, నండూరి వారే తెలుగు చేసినవి, 'టామ్ సాయర్', 'హకల్‌బెరీ ఫిన్'. టామ్ ముందు, హక్ తర్వాత. వరస మార్చకు. టామ్ అల్లరి, గుహలో దారి తప్పడం, నిధి, అదంతా పరుగుపరుగున అయిపోతుంది. హక్ వేరు. వాడు బానిసత్వం నుంచి పారిపోతున్న జిమ్‌తో (ఈ జిమ్ వేరే మనిషి) తెప్ప మీద మిసిసిపీ నదిలో పోతుంటాడు. జిమ్ ఎక్కడున్నాడో యజమానురాలికి చెప్పేయడమే ధర్మమని ఊరంతా వాడికి నేర్పింది. ఉత్తరం రాస్తాడు కూడా. రాసి, నదిలో గడిచిన రాత్రులూ పగళ్లూ, తన వంతు కాపలా కూడా జిమ్ కాసి తనని నిద్రపోనిచ్చిన సంగతీ తలుచుకుని, పాపమైతే పాపమే అనుకుని చింపేస్తాడు. సాహసం అంటే పులిని చంపడం ఒక్కటే కాదని పిల్లలకి నేను వేరే చెప్పనక్కర్లేకుండా ఆ ఒక్క ఘట్టం చెప్పేసేది. ఇంగ్లిష్‌లో చదివితే మాత్రం, నల్లవాళ్లని తిట్టే మాటలు ఆ కాలం వాడుక ప్రకారం అలాగే ఉంటాయి. నువ్వు పక్కన కూర్చుని ఆ చరిత్ర నాలుగు మాటల్లో చెప్పు. దాచకు.

పాప సంగతి. అది ఏడో తరగతి కదా, 'రైలుబడి' ఇవ్వు. టెట్సుకో కురొయనాగి అనే జపాన్ ఆవిడ తన చిన్ననాటి కథ రాసుకుంది, 1981లో వచ్చింది. చిన్నప్పుడు ఆవిడ పేరు టోటోచాన్, క్లాసులో కుదురుగా ఉండదని మొదటి బడి నుంచి పంపించేసిన పిల్ల. రైలు పెట్టెల్లో పాఠాలు చెప్పే కొత్త బడిలో చేరితే హెడ్‌మాస్టర్ కొబయాషి గారు మొదటి రోజు దాని కబుర్లు నాలుగు గంటలపాటు వింటారు. అది చిన్నపిల్లల పుస్తకం అంటారు కొందరు, నేనొప్పుకోను. యసుయాకి అని పోలియో వచ్చిన తోటి పిల్లవాణ్ణి టోటోచాన్ ఎవరికీ చెప్పకుండా తన చెట్టు మీదికి ఆహ్వానిస్తుంది. నిచ్చెన ఈడ్చుకొస్తుంది. వాడి కాళ్లు చేతులు పట్టివ్వవు. మళ్లీ వెళ్లి ఇంకో రకం నిచ్చెన తెస్తుంది. ఎండలో చెమటలు కారుతుంటే వాడి ఒక్కో కాలూ ఒక్కో మెట్టు మీద తనే పెడుతుంది, చివర తన బలమంతా పెట్టి వాణ్ణి పైకి లాగుతుంది. వాడు జన్మలో మొదటిసారి చెట్టు మీంచి కిందికి చూస్తాడు. ఎవరెస్టు ఎక్కిన కథలు చాలా చదివాను కానీ, ఈ చెట్టు ఎక్కడం చదివినప్పుడు పట్టినంత బెంగ నాకు ఎక్కడా పట్టలేదు.

పాపకి పదమూడో పుట్టినరోజు వచ్చినప్పుడు, హిట్లర్ కాలంలో దాక్కుని బతికిన యూదు పిల్ల ఆన్ ఫ్రాంక్ డైరీ, దాంతోపాటు ఒక తెల్లకాగితాల నోటుబుక్కు కొనివ్వు. ఆన్‌కీ డైరీ అందింది 1942 జూన్ 12న, పదమూడో పుట్టినరోజుకే. అంతకంటే ముందు ఇవ్వకు. ఆ పుస్తకం చివర కథ ఆగిపోతుంది, పిల్ల జీవితమూ ఆగిపోయింది. చదివిన రోజు దాని పక్కన ఎవరో ఒకరు ఉండాలి.

చిన్నోడు నిజంగా జరిగిన సాహసాలు కావాలంటాడు, ఈ కాలం పిల్లలు 'ఇది నిజమా, అబద్ధమా' అని ముందే అడుగుతారు. ఇంగ్లిష్‌లో హాయిగా చదువుతాడు కాబట్టి ఆల్‌ఫ్రెడ్ లాన్సింగ్ 'ఎండ్యూరెన్స్' కొను. షాకిల్టన్ అనే బ్రిటిష్ అన్వేషకుడి బృందం అంటార్కిటికాని కాలినడకన దాటాలని బయల్దేరితే, 1915 జనవరిలో ఓడ మంచులో ఇరుక్కుంది. నవంబరులో నలిగి మునిగిపోయింది. మంచు గడ్డ మీద 28 మంది. బరువు తగ్గించాలని షాకిల్టన్ తన బంగారు నాణేలు మంచులో పారేసి చూపించాడు, తలా రెండు పౌన్ల బరువు, అంటే కిలో లోపు, సొంత సామాను తప్ప ఏమీ వద్దన్నాడు. కానీ ఒకతని బాంజో వాయిద్యాన్ని మాత్రం పట్టుబట్టి వెంట తీసుకెళ్లాడు. పాట లేకపోతే మనుషులు కుంగిపోతారని ఆయనకి తెలుసు. చివరికి ఆరుగురు ఒక చిన్న పడవలో సుమారు 1,300 కిలోమీటర్లు భయంకరమైన సముద్రం దాటి సాయం తెచ్చారు. 1916 ఆగస్టు 30న మిగిలినవాళ్లని కూడా ప్రాణాలతో ఒడ్డుకి చేర్చారు. అనుకున్న పని మాత్రం జరగలేదు, అంటార్కిటికా దాటనే లేదు. చదవడం అయ్యాక అప్పుడు ఫోన్ వాడి చేతికివ్వు. ఆ ఓడ 2022లో మూడు వేల మీటర్ల లోతున దొరికింది, వెనక భాగం మీద పేరు ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. వాడే వెతికి చూస్తాడు.

అబ్దుల్ కలాం గారి ఆత్మకథ తెలుగులో 'ఒక విజేత ఆత్మకథ'గా వాడ్రేవు చినవీరభద్రుడు గారు చేశారు. పరీక్షల ముందు 'చూడు, ఆయన ఎంత కష్టపడ్డాడో' అని ఇవ్వకు, చెడిపోతుంది. ఏదో పోయి, ఏడుపు మొహంతో వాడు ఇంటికొచ్చిన రోజు ఇవ్వు. కలాం గారు వైమానిక దళంలో చేరాలని డెహ్రాడూన్ వెళ్తే ఎనిమిది ఉద్యోగాలకి పాతిక మందిలో తొమ్మిదోవాడుగా నిలిచారు. శ్రీహరికోట నుంచి 1979 ఆగస్టులో ఆయన నడిపించిన మొదటి ఎస్సెల్వీ-3 రాకెట్ సముద్రంలో పడింది, మరుసటి జులైలో ఎగిరింది. ఆ పేజీలు మడిచి పెట్టి ఇవ్వు చాలు.

మలావత్ పూర్ణ మీద అపర్ణ తోట రాసిన ఇంగ్లిష్ పుస్తకం పాపకీ చిన్నోడికీ ఇద్దరికీ. నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల, గురుకులంలో చదువుతూ భువనగిరి రాతికొండ మీద మొదలుపెట్టి, 2014 మే 25న పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు ఎక్కింది. మీ ఇంటి నుంచి భువనగిరి ఎంత దూరం! పుస్తకం అయ్యాక ఒక ఆదివారం తీసుకెళ్లి ఆ కొండ చూపించు.

కొన్ని చిన్న సంగతులు. చదివాక 'ఏం నేర్చుకున్నావు' అని అడగొద్దు, 'ఎక్కడిదాకా వచ్చావు' అని అడుగు. నచ్చకపోతే యాభై పేజీలకే వదిలేయనివ్వు, డబ్బులు దండగ అనకు. పాత వేట పుస్తకాలు ఇచ్చేటప్పుడు అప్పట్లో పులులు ఎన్ని ఉండేవి, ఇప్పుడు ఎందుకు కాపాడుకుంటున్నాం అని ఒక్కమాట చెప్పు. డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శనకి ఇద్దరినీ తీసుకెళ్లి, చెరో ఐదొందలు చేతికిచ్చి, నువ్వు గేటు దగ్గర టీ తాగుతూ కూర్చో. వాళ్లు కొన్నది చూసి నొసలు చిట్లించకు.

'కాంచన ద్వీపం', 'రైలుబడి', 'రాకాసి లోయ' మూడూ నా దగ్గరే ఉన్నాయి. రేపు ఆర్టీసీ కార్గోలో వేస్తాను, మియాపూర్‌లో తీసుకో. 'కాంచన ద్వీపం' అట్ట కాస్త ఊడింది, నేనే గుడ్డ అతికించి కుట్టాను, ఆరేదాకా బరువు పెట్టకండి. ఆపిల్ పీపా దగ్గర ఎర్రదారం పెట్టి ఉంచాను. ఆ రాత్రి ఏమైందో మర్నాడు పొద్దున్నే నాకు ఫోన్ చేసి చెప్పు, ఆరింటికల్లా లేచే ఉంటాను.

మీ అత్తయ్య మిమ్మల్నందరినీ అడిగానని చెప్పమంది.

ఆశీస్సులతో,
మీ మామయ్య