ఒకే ఓడ, మూడు చూపులు

ప్రశ్న: మాస్టారూ, విశాఖలో పర్యాటకులకు ఊరు చూపించే పనిలో కొత్తగా చేరాను. ఆర్కే బీచ్‌లో ఒక విదేశీయుడితో ‘ఐ యామ్ సీయింగ్ ద షిప్’ అంటే మా సీనియర్ తప్పన్నారు, కారణం చెప్పలేదు. సీ, లుక్, వాచ్ అన్నీ చూడటమే కదా?
- ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: బాబూ, తప్పన్నవారు కారణం కూడా చెప్పాల్సింది. అది తెలియకపోతే రేపు మరోచోట అదే తప్పు దొర్లుతుంది. మీరున్న బీచ్‌లోనే తేల్చుకుందాం.

రేవులో చోటు కోసం ఓడలు దూరంగా లంగరేసి ఆగుతాయి కదా, వాటిలో ఒకదానివైపు వేలు చూపి ‘లుక్ ఎట్ దట్ షిప్’ అనండి. చూపు అటు తిప్పమని చెప్పడం లుక్. దేనివైపో చెప్పేటప్పుడు ‘ఎట్’ వదలకండి. మనవాళ్లు ఎక్కువగా మింగేసేది దాన్నే.

ఆ విదేశీయుడు అటు తిరిగాడు. ఎండ కళ్లలో కొట్టి ఓడ ఆనలేదు. అప్పుడు ‘ఐ కాంట్ సీ ఇట్’ అంటాడు. సీ అంటే కంటికి ఆనడం. ‘ఎంత చూసినా కనిపించలేదు’ అని మనమూ అంటాం. ఆ వాక్యంలో చూడటం లుక్, కనిపించడం సీ. కనిపించడం మనం పూనుకుని చేసే పని కాదు కనుక, ఈ అర్థంలో ‘సీయింగ్’ వాడరు. ‘ఐ కెన్ సీ ద షిప్’ అంటే సరిపోతుంది. తెలుగులో ‘చూస్తున్నాను’ అనే అలవాటే మీతో ఆ మాట అనిపించింది.

ఇక ఓడ లంగరెత్తి డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కగా రేవులోకి వస్తోందనుకోండి. ఎటు తిరుగుతుందా అని కనిపెట్టి చూడటం వాచ్. ‘వి ఆర్ వాచింగ్ ద షిప్’ అని నిశ్చింతగా అనవచ్చు. ఓడల్లో సిబ్బంది వంతులవారీగా చేసే కాపలా పేరు కూడా వాచే. అదే బీచ్‌లో ఒడ్డున మ్యూజియంగా నిలిపిన కుర్సుర జలాంతర్గామికి మాత్రం వాచ్ నప్పదు. అది కదలదు, దాని ముందు నిలబడి లుక్ ఎట్ చేస్తాం. టికెట్ కొని లోపల తిరిగి వస్తే మళ్లీ సీ, వెళ్లి చూసిరావడమన్నమాట.

సినిమా హాల్లో చూస్తే సీ, వాచ్ రెండూ చెల్లుతాయి. ఇంట్లో టీవీకి వాచ్ అనండి. ‘ఐ యామ్ సీయింగ్ ద డాక్టర్ టుమారో’ అని ఎవరైనా అంటే తప్పు పట్టకండి, అక్కడ సీ అంటే కలవడం.