డాక్టర్ సలహా: థైరాయిడ్ తీసేశాక వేళ్ల చివర తిమ్మిర్లా? కాల్షియం మీరే ఆపేయకండి

ప్రశ్న: నా వయసు 43. అంబర్‌పేటలో ఉంటాం. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. మెడలో గడ్డలు పెరిగి మింగడం కష్టమవడంతో మూడు వారాల కిందట థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు. బయాప్సీలో క్యాన్సర్ లేదని వచ్చింది. ఇంటికి వచ్చినప్పటి నుంచి పొద్దున్నే గ్యాస్ మాత్ర, 100 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర మూడూ కలిపి టీతో వేసుకునేదాన్ని. కాల్షియంతో మలబద్ధకం వస్తోంది, పైగా తెచ్చుకున్న స్ట్రిప్పులు అయిపోయాయి. అందుకే వారం కిందట దాన్ని మానేశాను. మూడు రోజులుగా వేళ్ల చివర, పెదవుల చుట్టూ చీమలు పాకినట్టుగా ఉంటోంది. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి. ఇంట్లోవాళ్లు టెన్షన్ వల్లే అంటున్నారు. సాయంత్రానికి గొంతు అలిసిపోతోంది, గట్టిగా పిలుద్దామంటే మాట పైకి లేవడం లేదు. సోమవారం నుంచి స్కూలుకు రమ్మంటున్నారు. చీము పడుతుందని అత్తమ్మ పప్పు, వంకాయ, పెరుగు పెట్టడం లేదు. క్యాబేజీ ఇక ఎప్పటికీ తినకూడదట, నిజమేనా? ఈ మాత్రలతో లావైపోతానా? వచ్చే ఆదివారం మా దగ్గర బోనాలు. ఏటా నేనే ఒక్కపొద్దు ఉండి బోనం ఎత్తుతాను. ఈసారి ఎత్తొచ్చా?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అమ్మా, మీరు అడిగిన వాటన్నిటికీ జవాబు చెబుతాను. ముందు ఒక పని చేయండి. మీ డిశ్చార్జి కాగితం తీసి, అందులో కాల్షియం ఏ మోతాదులో రాశారో చూసి, ఈ రోజే తెప్పించి మళ్లీ మొదలుపెట్టండి. మీకు ఆపరేషన్ చేసిన సర్జన్‌కి ఫోన్ చేసి, "మందు మానేశాను, తిమ్మిర్లు వస్తున్నాయి" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. తిడతారేమోనని దాచకండి. వచ్చే వారం ఓపీ దాకా ఆగే విషయం కాదిది.

మీ మెడలోంచి తీసింది థైరాయిడ్‌ని. అయితే దాని వెనకాలే అంటుకుని, కందిపప్పు బద్దంత సైజులో నాలుగు పారాథైరాయిడ్ గ్రంథులు ఉంటాయి. పేరు కలిసినా పని పూర్తిగా వేరు. రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసేవి అవే. సర్జన్ వాటిని జాగ్రత్తగా విడదీసి అక్కడే ఉంచుతారు. కానీ వాటికి రక్తం అందేది కూడా థైరాయిడ్‌కి వెళ్లే సన్నని నాళాల నుంచే. ఎంత నేర్పుగా చేసినా ఆ కదిలింపుకి అవి కొన్నాళ్లు సొమ్మసిల్లినట్టు అవుతాయి. చాలామందిలో కొన్ని వారాల్లోనే తేరుకుంటాయి. అవి తేరుకునే దాకా కాల్షియాన్ని బయటి నుంచి అందించాలి. మీకు ఆ మాత్రలు ఇచ్చింది అందుకే గానీ ఏదో బలానికి కాదు.

కాల్షియం తగ్గితే ముందు నరాలు చికాకుపడతాయి. పెదవుల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిర్లు, ఆ తర్వాత పిక్కలు పట్టేయడం. మీరు రాసింది సరిగ్గా ఇదే వరస. టెన్షన్‌తో గబగబా ఊపిరి తీసినప్పుడు కూడా వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మీ ఇంట్లోవాళ్ల మాటలో ఆ మేరకు నిజం ఉంది. కానీ థైరాయిడ్ తీసిన మనిషికి తిమ్మిర్లు వస్తే, రక్తపరీక్ష కాదని చెప్పేదాకా అది కాల్షియం తగ్గడమే అనుకోవాలి. దయచేసి ఈ మాట ఇంట్లో అందరికీ చదివి వినిపించండి.

కాల్షియం, ఆల్బుమిన్, ఫాస్ఫరస్, మెగ్నీషియం, పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్షలు ఈ రోజే చేయించండి. రక్తం ఇచ్చాక మాత్ర వేసుకుంటే రిపోర్టు స్పష్టంగా ఉంటుంది. అలాగని ల్యాబ్ తెరవలేదని మాత్ర వేసుకోకుండా కూర్చోకండి. వేళ్లు బిగుసుకుని కొంకర్లు పోయినా, గొంతు పట్టేసినట్టై ఊపిరి ఆడకపోయినా, గుండె దడదడలాడినా, ఫిట్స్ వచ్చినా ఇక ఫోన్లు, ల్యాబులు వద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. అక్కడ నరంలోకి కాల్షియం ఎక్కిస్తారు, తొందరగానే తేరుకుంటారు.

ఇక మాత్రలు వేసుకునే తీరు. నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. మూడూ మంచి మందులే, కానీ ఆ మూడింటినీ ఒక్క గుక్కలో మింగితే ఒకదాని పని ఒకటి చెడగొడతాయి. కాల్షియం పేగులో థైరాయిడ్ మాత్రను పట్టేసుకుని ఒంటికి పట్టనివ్వదు. టీ కూడా అడ్డమే. గ్యాస్ మాత్ర కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తుంది. మామూలుగా రాసే కాల్షియం కార్బొనేట్ కరగాలంటే ఆ ఆమ్లమే కావాలి. అంటే ఇన్నాళ్లూ మీరు మింగిన కాల్షియం కూడా సరిగా అందలేదన్నమాట.

పొద్దున లేవగానే పరగడుపున థైరాయిడ్ మాత్ర ఒక్కటే, మంచినీళ్లతో. గంట ఆగి టీ, టిఫిన్. కాల్షియానికి, థైరాయిడ్ మాత్రకి మధ్య కనీసం నాలుగు గంటలు ఉండాలి. కాబట్టి కాల్షియం మధ్యాహ్నం భోజనంతో ఒకటి, రాత్రి భోజనంతో ఒకటి. మూడు పూటలా రాసి ఉంటే మూడోది సాయంత్రం ఏదైనా తింటూ వేసుకోండి. గ్యాస్ మాత్ర చాలామందికి ఆపరేషన్ తర్వాత కొద్దిరోజులకని ఇస్తారు, తర్వాత అది అలవాటుగా మిగిలిపోతుంది. ఇంకా అవసరమా అని సర్జన్‌ని అడగండి. అవసరమే అంటే కాల్షియం సిట్రేట్ రకం రాయించుకోండి. దానికి ఆమ్లంతో పని లేదు, మలబద్ధకం కూడా కొంత తక్కువ. ఇసబ్‌గోల్ వాడుకోవచ్చు గానీ రాత్రి పడుకునే ముందు వాడండి. అదీ థైరాయిడ్ మాత్రకు అడ్డం పడేదే.

విటమిన్ డి విషయంలో ఒక పొరపాటు తరచూ చూస్తుంటాను. వారానికోసారి పాలలో కలుపుకునే 60,000 యూనిట్ల పొడి, ఆపరేషన్ తర్వాత రోజూ వేసుకోమని ఇచ్చే చిన్న కాల్సిట్రయాల్ గుళిక ఒకటేనని, ఏదో ఒకటి చాలని అనుకుంటారు. పొడిలోని విటమిన్ డి పనిచేయాలంటే కిడ్నీలో మార్పు చెందాలి. ఆ మార్పు జరగమని కిడ్నీకి చెప్పేది పారాథైరాయిడ్ హార్మోనే. అదే తగ్గినప్పుడు, ముందే మార్పు చెందిన రూపంలో ఉన్న కాల్సిట్రయాల్ కావాలి. మీ కాగితంలో అది ఉందేమో చూడండి. ఉంటే అదీ మళ్లీ మొదలుపెట్టాలి. అలాగని తిమ్మిర్లు తగ్గడం లేదని మీ అంతట మీరు మోతాదు పెంచుకుంటూ పోకండి. కాల్షియం ఎక్కువైతే కిడ్నీలో రాళ్లు తయారవుతాయి. పెంచడమైనా, మెల్లగా తగ్గించడమైనా రక్తపరీక్ష చూసే చేయాలి.

"రాగిజావ తాగుతున్నాను కదా, మాత్రెందుకు" అని కొందరు అడుగుతారు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగుల్లో ఉండే కాల్షియం 350 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. ఒక గ్లాసు జావకి వాడే పిండి ముప్పై గ్రాములనుకుంటే వచ్చేది వంద మిల్లీగ్రాములు, అందులోనూ ఒంటికి పట్టేది కొంతే. మామూలుగా రాసే మాత్ర ఒక్కటే 500. జావ తాగండి, మంచిదే. మాత్ర మాత్రం మానకండి.

గొంతు సంగతికి వస్తాను. పాఠం చెప్పి బతికే మనిషికి ఇదెంత దిగులో నాకు తెలుసు. మత్తు ఇచ్చేటప్పుడు పెట్టే గొట్టం వల్ల వచ్చే బొంగురు కొద్దిరోజుల్లో పోతుంది. మూడు వారాలు దాటాక కూడా గొంతు అలుస్తోందంటే, ముఖ్యంగా హెచ్చు స్థాయిలో మాట లేవడం లేదంటే, స్వరపేటికకు వెళ్లే నరాల్లో ఒకటి నలిగి ఉండొచ్చు. థైరాయిడ్‌ని ఆనుకుని రెండు వైపులా రెండేసి నరాలు వెళ్తాయి. ఒకటి స్వరతంత్రులను కదిలిస్తుంది, ఇంకొకటి వాటిని బిగించి పై స్థాయి స్వరం పలికిస్తుంది. మీ లక్షణాలు రెండోదానివైపు చూపిస్తున్నాయి. ఉత్తరం చదివి తేల్చేది కాదు గనక ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర సన్నని కెమెరాతో స్వరతంత్రులను చూపించుకోండి. ఓపీలోనే రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది. కోఠిలోని ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి మీకు దగ్గరే. నీళ్లు తాగేటప్పుడు పొలమారుతోందా అన్నది గమనించి వాళ్లకు చెప్పండి, అది చాలా ముఖ్యం.

నలిగిన నరం మెల్లగా కోలుకుంటుంది. కొన్ని వారాలు పట్టొచ్చు, ఆరు నెలల నుంచి ఏడాది కూడా పట్టొచ్చు. ఉప్పునీళ్లు పుక్కిలిస్తేనో, మిరియాల పాలు తాగితేనో నరం బాగుపడదు, అయితే గొంతు హాయిగా ఉంటే తాగండి. మేలు చేసేది స్పీచ్ థెరపీ, అదీ ముందుగా మొదలుపెడితే. గొంతుకు విశ్రాంతి అని గుసగుసగా మాట్లాడకండి. గుసగుసతో గొంతు ఇంకా బిగుసుకుంటుంది. మెల్లగా, మామూలు స్వరంతోనే మాట్లాడండి.

స్కూలుకు సోమవారమే వెళ్లొద్దు. కాల్షియం కుదుటపడి, గొంతు పరీక్ష అయ్యేదాకా కనీసం ఇంకో వారం, పది రోజులు సెలవు అడగండి. సర్టిఫికెట్ మీ సర్జన్ ఇస్తారు. వెళ్లాక నడుముకు కట్టుకునే చిన్న మైకు వాడండి. పిల్లలు రెండు రోజుల్లో అలవాటు పడిపోతారు.

అత్తమ్మ పథ్యం ప్రేమతోనే పెడుతున్నారు. కానీ పప్పు తింటే చీము పట్టదు, వంకాయ తిన్నా పట్టదు. చీము పట్టేది సూక్ష్మక్రిములు చేరితే. గాయం మానాలంటే ప్రొటీన్ కావాలి, అది పప్పులో, పెరుగులో, గుడ్డులో ఉంది. పెరుగులో కాల్షియం కూడా ఉంది. ఆ పెరుగునే ఆపడం మీ విషయంలో సరిగ్గా తలకిందులైంది. క్యాబేజీ, కాలీఫ్లవర్ మరీ ఎక్కువగా తింటే థైరాయిడ్ గ్రంథి పనికి కొంచెం అడ్డం పడతాయన్న మాట ఉంది. మీకు ఆ గ్రంథే లేనప్పుడు అడ్డం పడేది దేనికి? హాయిగా తినండి. అయోడిన్ ఉప్పు కూడా అందరిలాగే వాడొచ్చు. ఉప్పు మార్చమని చెప్పేది క్యాన్సర్ కోసం రేడియో అయోడిన్ ఇచ్చేవాళ్లకి, మీకు ఆ అవసరం లేదు.

లావు గురించి. థైరాయిడ్ మాత్ర మందు అనే కన్నా, మీ గ్రంథి తయారుచేసే హార్మోనే అనడం సరైనది. జీవితాంతం వేసుకోవాల్సిందే, అందులో మొహమాటం లేదు. ఆ హార్మోన్ మాత్రగా దొరకని కాలం ఒకటుండేది. థైరాయిడ్ ఆపరేషన్‌ని సురక్షితంగా తీర్చిదిద్ది 1909లో నోబెల్ అందుకున్న స్విస్ సర్జన్ ఎమిల్ థియోడర్ కోకర్, గ్రంథి మొత్తం తీసిన తన పేషెంట్లు కొన్నాళ్లకు ముఖం ఉబ్బి, మందకొడిగా అయిపోతున్నారని 1883లో తనే చెప్పాడు. 1891లో జార్జ్ మర్రే అనే ఇంగ్లిష్ డాక్టర్, థైరాయిడ్ పనిచేయని ఒకావిడకు గొర్రె థైరాయిడ్ సారం ఇచ్చి చూశాడు. ఆవిడ కోలుకుని ఇంకో 28 ఏళ్లు బతికింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది అంతకన్నా ఎంతో కచ్చితమైన మోతాదు. మాత్ర మోతాదు సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష టీఎస్‌హెచ్. అది సరిగ్గా ఉంటే ఈ మాత్ర వల్ల లావెక్కరు. ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ చేయించండి. ఇన్నాళ్లూ టీతో, మానేసేదాకా కాల్షియంతో కూడా కలిపి వేసుకున్నారు గనక ఆ సంగతీ డాక్టర్‌కి చెప్పండి. లేదంటే మందు చాలలేదనుకుని మోతాదు పెంచేస్తారు. ఆ తర్వాత జుట్టు కొంచెం రాలినా కంగారు పడొద్దు, ఏ పెద్ద ఆపరేషన్ తర్వాతైనా రెండు మూడు నెలలకు అలా జరిగేదే, మళ్లీ వస్తుంది. మాత్రల సీసాని పొయ్యి దగ్గర అరలో పెట్టకండి, వేడికి మందు బలం తగ్గుతుంది.

మచ్చ ఇప్పుడు గట్టిగా, ఎర్రగా ఉంటే అది మామూలే. సర్దుకోవడానికి ఏడాది దాకా పడుతుంది. పసుపు పూయకండి. గాయం పూర్తిగా మూసుకుపోయి ఉంటే డాక్టర్‌ని అడిగి సిలికాన్ జెల్ రాసుకోండి. పుస్తెలతాడు దానికి ఒరుసుకోకుండా పొడవు చేయించుకోండి.

ఇక బోనం. ఈ ఏడాది వద్దమ్మా. నిండు కుండ బరువంతా మెడ మీదే పడుతుంది, లోపలి కండరాలు ఇంకా అతుక్కుంటున్నాయి. అంతకన్నా పెద్ద కారణం ఒక్కపొద్దు. తినకపోతే కాల్షియం వేసుకోరు. ఎండలో, గుంపులో, పొద్దుటి నుంచి కాల్షియం లేకుండా నడిచే మనిషికి దారిలోనే చేతులు కొంకర్లు పోతే? బోనం మీ చేత్తో అలంకరించి, ఇంట్లో ఇంకొకరి తలకెత్తండి. ఆ వేళకి తిమ్మిర్లు తగ్గి, రిపోర్టు చూసిన మీ డాక్టర్ సరేనంటే మీరూ తిని, మాత్ర వేసుకుని, మెడకు పల్చటి నూలు చున్నీ చుట్టుకుని వాళ్ల వెంట గుడి దాకా నడవండి. చేతి సంచిలో కాల్షియం స్ట్రిప్, నీళ్ల సీసా, రెండు బిస్కెట్లు పెట్టుకోండి.