అమెరికాలో 1902 నాటి బొగ్గు గని కార్మికుల సమ్మెలో జార్జ్ బేర్ గెలిచినట్టా, ఓడినట్టా?

కాగితం మీద సగం గెలిచాడు. పెన్సిల్వేనియా ఆంత్రసైట్ (గట్టి బొగ్గు) గనుల యజమానుల తరఫున మాట్లాడింది ఈయనే. రీడింగ్ రైల్వే అధ్యక్షుడు. గనులూ, బొగ్గు మోసే రైళ్లూ ఒకే చేతిలో ఉండటమే అసలు బలం.

కార్మికులు అడిగినవి 20 శాతం పెంపు, 8 గంటల పని, యూనియన్ గుర్తింపు, నిజాయితీ తూకం. తూకాన్ని బట్టే కూలి కాబట్టి అది చిన్న విషయం కాదు. అక్కడ టన్ను అంటే 2,240 పౌండ్లు. కానీ చాలాచోట్ల అంతకంటే ఎక్కువ తవ్వితేగానీ టన్నుగా లెక్కించేవారు కాదు. పైగా బొగ్గులో రాయి కలిసిందని కూలిలో కోత.

ఆస్తి దేవుడిచ్చింది, కార్మికుల మంచిచెడ్డలు యజమానులే చూసుకుంటారని బేర్ జూలైలో రాసిన ఉత్తరం పత్రికలకెక్కి ఆయన పరువే తీసింది. అక్టోబర్ 3న అధ్యక్షుడు థియోడోర్ రూజ్‌వెల్ట్ చర్చలకు పిలిస్తే, యూనియన్ నేత మిచెల్‌తో మాట్లాడనన్నాడు. చివరికి బ్యాంకర్ జె.పి. మోర్గాన్ నచ్చజెప్పాక, తగాదా తేల్చే కమిషన్‌కు యజమానులు ఒప్పుకున్నారు, కానీ అందులో కార్మిక ప్రతినిధి వద్దన్నారు. రూజ్‌వెల్ట్ ఒక రైల్వే యూనియన్ నేతను 'సామాజికశాస్త్రవేత్త' కోటాలో కూర్చోబెట్టాడు!

1903 మార్చిలో కమిషన్ తీర్పు: 10 శాతం పెంపు, చాలామందికి 9 గంటల పని, కార్మికులు తమ ఖర్చుతో తూకం తనిఖీదారును పెట్టుకునే హక్కు. యూనియన్‌కు గుర్తింపు మాత్రం రాలేదు. బేర్ పట్టుబట్టింది ఆ గుర్తింపు ఇవ్వకూడదనే.