చిల్లు పలకా, నా పావు లెక్కా

చిన్నీ,

ఎంటెక్ ప్రాజెక్టుకి చిల్లులున్న పలకల వైబ్రేషన్ తీసుకున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. నా పని అర్థమయ్యే మనిషి మనింట్లో ఒకరు తేలారని మీ పెద్దమ్మకి రెండుసార్లు చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

యూనిట్లు సరిచూసుకో. చిల్లు పెడితే ఫ్రీక్వెన్సీ, అంటే పలక తనంతట తాను సెకనుకి ఊగే లెక్క, తగ్గుతుందని ముందే తేల్చేయకు. స్టిఫ్‌నెస్‌తో పాటు బరువూ తగ్గుతుంది. ఏది ఎక్కువ తగ్గిందో చిల్లు సైజు, చోటు చెబుతాయి.

నా భయం వేరే. 1991లో బాలానగర్‌లో ఒక వర్క్‌షాప్‌కి బ్లోయర్ కింది పలక లెక్క నేనే చేశాను. చతురస్రపు పలక, నడిమధ్య గుండ్రటి చిల్లు, నాలుగంచులూ బిగింపు. అప్పటి కంప్యూటర్ మొత్తం పలకని మోయలేదని పావు ముక్కే తీసుకుని, కోసిన అంచుల దగ్గర అద్దం పెట్టినట్టు సిమెట్రీ ఇచ్చాను. మొదటి ఫ్రీక్వెన్సీ 24 హెర్ట్జ్, తర్వాతది 88 దగ్గర. మోటారు 2880 ఆర్‌పీఎం, నిమిషానికి అన్ని చుట్లు, అంటే సెకనుకి 48. రెండిటికీ దూరమే కదా అని సంతకం పెట్టేశాను.

ఆన్ చేయగానే పలక గోల పెట్టింది. ఒక సగం పైకి, ఇంకో సగం కిందికి. అద్దంలో ఎడమ పైకెళితే కుడీ పైకే వెళ్తుంది. ఆ ఊపుకి నా లెక్కలో చోటే లేదు. అది మోటారు 48కి ఆనుకుని 49 దగ్గర నక్కి కూర్చుంది. మూడోరోజుకి చిల్లు అంచున పగులు. గుండ్రటి చిల్లున్న పలకని లాగితే అంచున స్ట్రెస్ మూడింతలవుతుందని 1898లోనే కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు తేల్చాడు, పరీక్షలో నేనూ రాశాను! పలక విరిగినప్పుడు పక్కనే ఉండాల్సిన హెల్పర్ కుర్రాడు చాయ్‌కి వెళ్ళి ఉన్నాడు. వాడికప్పుడు నీ వయసే.

నీ ల్యాప్‌టాప్‌కి మొత్తం పలక ఒక లెక్కా? పావే చేస్తానంటే సిమెట్రీ, యాంటీసిమెట్రీ (ఒక పక్క పైకెళితే రెండోది కిందికి) జతలు మార్చి నాలుగుసార్లు నడుపు. బద్ధకించావో, ఊరుకోను. బోల్టులున్నాయి కదా అని అంచుని పూర్తి బిగింపు అనుకోకు. చిల్లులేని చతురస్రానికే, ఊరికే ఆనించినదానికీ బిగించినదానికీ మొదటి ఫ్రీక్వెన్సీలో 1.8 రెట్లు తేడా. సుత్తితో కొట్టి కొలిచాకే స్క్రీన్ మీది రంగుల్ని నమ్ము.

ఆదివారం పలక పట్టుకుని మౌలాలి వచ్చెయ్. 1787లో క్లాడ్ని అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించినట్టే ఇసుక చల్లి, పలక ఊగేటప్పుడు కదలని గీతల మీద అది ఎలా పోగవుతుందో చూద్దాం. ఇసుక నువ్వే తేవాలి. వంటింట్లో ఉప్పు ముట్టుకుంటే మీ పెద్దమ్మ ఊరుకోదు.

పెదనాన్న