డాక్టర్ సలహా: నవ్వితే కూలబడుతున్నాడు.. చిన్నప్పుడు లేని జబ్బు ఇప్పుడెలా వచ్చింది?

ప్రశ్న: మాది పరకాల. మా అబ్బాయికి 17 ఏళ్లు. హనుమకొండలో హాస్టల్‌లో ఉండి ఇంటర్ చదువుతున్నాడు. ఏడాదిన్నరగా క్లాసులోనే కాదు, అన్నం తింటూ కూడా నిద్రపోతున్నాడు. ఈ మధ్య గట్టిగా నవ్వితే మోకాళ్లు సడలి కూలబడుతున్నాడు. నార్కోలెప్సీ అనే నిద్ర జబ్బు కావచ్చని ఒక డాక్టరు అన్నారు. చిన్నప్పుడు ఎంతో చురుగ్గా ఉండేవాడు. ఇది నిజమేనా? - ఒక తల్లి

జవాబు: అమ్మా, చిన్నప్పుడు చురుగ్గా ఉన్నాడు కాబట్టి ఇది కాదనుకోకండి. నార్కోలెప్సీ చాలామందిలో 10 నుంచి 30 ఏళ్ల మధ్య, ముఖ్యంగా 15 ఏళ్ల ప్రాంతంలో మొదలవుతుంది. కొందరిలో 35 దగ్గర కనిపిస్తుంది. చిక్కల్లా, అది ఇంటర్ చదువుల వయసు కావడమే. తెల్లవారకముందే లేపి రాత్రి పది దాటేదాకా చదివించే చోట పగలు తూగని పిల్లలెవరు? అందుకే జబ్బున్నవాడికి కూడా బద్ధకస్తుడనే పేరు పడుతుంది. మొదటి లక్షణం కనిపించాక జబ్బు పేరు తెలిసేసరికి పదేళ్లు దాటినవారూ ఉన్నారు.

లక్షణాలన్నీ ఒక్కసారిగా రావు. సాధారణంగా పగటి నిద్ర ముందు వస్తుంది. నవ్వినప్పుడు ఒళ్లు సడలడం నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ల తర్వాత తోడవుతుంది. దీన్ని కేటప్లెక్సీ అంటారు. చూసినవాళ్లు మూర్ఛ అనుకుని చేతిలో తాళాలగుత్తి పెడతారు గానీ, ఇందులో స్పృహ తప్పదు. చుట్టూ ఏం జరుగుతోందో అతనికి తెలుస్తూనే ఉంటుంది. నిద్రలోంచి మేలుకున్నా కదలలేకపోవడం, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు అనిపించడం కూడా ఉందేమో అడగండి. దయ్యమంటారని భయపడి పిల్లలు చెప్పరు.

మెదడులో మెలకువను నిలిపే ఒరెక్సిన్ అనే పదార్థాన్ని తయారుచేసే కణాలు నశించడం దీనికి కారణం. రోగనిరోధక వ్యవస్థ పొరపాటున వాటిపై దాడి చేస్తుందని భావిస్తున్నారు. 2009 స్వైన్‌ఫ్లూ తర్వాత చైనాలో కొత్త కేసులు పెరిగాయి. మీ పెంపకం వల్ల వచ్చింది కాదు.

అయితే నిద్ర చాలకపోవడం, రక్తహీనత, థైరాయిడ్, గురకతో ఊపిరి ఆగడం వంటివి కూడా చూడాలి. రెండు వారాలు అతను పడుకున్న, లేచిన వేళలు రాయించండి. కూలబడినప్పుడు స్నేహితులెవరైనా ఫోనులో వీడియో తీస్తే మాకు పెద్ద సాయం. వరంగల్‌లోనే న్యూరాలజిస్టును కలవండి. నిద్ర పరీక్షకు హైదరాబాద్ వెళ్లాల్సి రావచ్చు. ఒక రాత్రంతా నిద్రను నమోదు చేసి, మర్నాడు రెండేసి గంటలకోసారి నాలుగైదు కునుకులు తీయించి చూస్తారు. దానికి ముందు హాస్టల్ నుంచి ఇంటికి తెచ్చి కడుపునిండా నిద్రపోనివ్వండి, లేకపోతే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది. వాడుతున్న మందులేవైనా ఉంటే సొంతంగా ఆపకండి.

పూర్తిగా నయం చేసే మందు లేదు గానీ, మోడాఫినిల్ వంటివి పగటి నిద్రను అదుపు చేస్తాయి. ఒళ్లు సడలడాన్ని తగ్గించేందుకు వేరే మందులున్నాయి. మధ్యాహ్నం 20 నిమిషాల కునుకుకు కాలేజీవాళ్లను ఒప్పించండి. అవసరమైతే డాక్టర్ చీటీ చూపించండి. జబ్బు అదుపులోకి వచ్చేదాకా బైకు తాళం ఇవ్వకండి, బావిలో ఈతకు పంపకండి.